ఒరిగినవి ముప్పై ఎనిమిది

1999 అక్టోబరు 26, మంగళవారం నాడు మా వదిన కొబ్బరితోటలో చెట్లు లెక్కపెట్టాను. మొత్తం ఎనభై నాలుగు. వేళ్ళతో సహా పెకలించుకుని పడిపోయినవి ఇరవై రెండు. మొవ్వు విరిగి, అంటే ఇక చచ్చినట్టే, మొండిగా మిగిలినవి పదిహేను. నిటారుగా నిలిచినవి తొమ్మిది. ఒరిగినవి ముప్పై ఎనిమిది. రెండుసార్లు కూడి చూసుకున్నాను, సరిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ నోటుబుక్కు తీస్తే మొదట ఆ కూడికే కనబడుతుంది. అందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు.

గాలి వెలిసి అప్పటికి ఎనిమిది రోజులు. మాది పలాసకీ సముద్రానికీ మధ్యనున్న ఊరు. మా ఊళ్ళో నిలబడి సముద్రం చూసినవాళ్ళు అంతకుముందు లేరు. హోరు వినిపించేది, అంతే. మధ్యలో కొబ్బరి, జీడి, పనస అడ్డం. గాలి వెలిసిన ఉదయం వీధిలోకి వచ్చి నిలబడితే తూర్పున తెల్లటి గీతలా సముద్రం కనిపించింది. వీధి వీధంతా బయటే ఉంది. ఒక ముసలాయన, "ఇంత దగ్గిరున్నాదేటి ఇది!" అన్నాడు.

నాకప్పుడు యాభై ఐదేళ్ళు. మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేదాన్ని. బడి పైరేకులు ఎగిరిపోయాయి. నలభై రేకుల్లో పదకొండు దొరికాయి, వాటిలో పనికొచ్చేవి మూడు. బడి లేదు కాబట్టి చేతిలో పని లేదు. గాలి వెలిసిన అయిదో రోజున ఒక సహాయ సంస్థవాళ్ళు జీపులో వచ్చారు. టెక్కలిలో ఒక బియ్యం గోదాము అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టుకున్నారట. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఎవరైనా తోటలవారీగా లెక్క రాసి ఇవ్వాలన్నారు. అందరూ నా వైపు చూశారు.

వాళ్ళు పెట్టిన నియమం ఇది. పది చెట్లయినా నిలిచి ఉన్న తోటకి సాయం లేదు, ఆ పదితో ఎలాగో బతకొచ్చు. పదికి ఒక్కటి తగ్గినా ఆ తోట పూర్తిగా పోయినట్టే. అలాంటి తోటలో పడ్డ మానులు తీయించి, కూలిన చెట్టుకి ఒక మొక్క చొప్పున ఇస్తారు. మొక్కలు నిలదొక్కుకునేదాకా ఇంటికి బియ్యం ఇస్తారు.

వదినకి కావలసింది ఆ బియ్యం, ఆ మొక్కలు. మా అన్నయ్య 1996లో కిడ్నీ జబ్బుతో పోయాడు. మా ఈ ఉద్దానం ప్రాంతంలో ఆ జబ్బు లేని వీధి ఏది గనక. పిల్లలు లేరు. రెండు నెలలకోసారి కాయలు దింపించి, ఆ తోట మీదే ఆవిడ బతికేది. తోట పోతే మిగిలింది ఒకటే దారి. పలాసలో జీడిపప్పు బట్టీలకి పోయి, పిక్కలు కొట్టుకుంటూ కూర్చోవడం. వదినకి యాభై ఏడేళ్ళు. "ఈ వొయిసులో నన్ను పలాస బస్సెక్కించకే" అని గాలి వెలిసిన రోజునుంచి నాతో అంటూనే ఉంది, బస్సు నేను నడుపుతున్నట్టు.

లెక్క రాయడానికి బడిలోని చెక్క కోణమానిని పట్టుకెళ్ళాను. నల్లబల్ల మీద కోణాలు గీయడానికి వాడే పెద్దది. దానికి తోడు ఒక దారానికి రాయి కట్టాను. ఒక్కొక్క చెట్టు మొదట్లో దాన్ని ఆనించి, నేలకీ మానుకీ మధ్య ఎన్ని డిగ్రీలో చూసి రాసుకున్నాను. వదిన వెనకాలే వచ్చింది.

"ఏటే పంతులమ్మా, సెట్టుకి జొరం సూత్తన్నావేటి?"

"ఎంత వాలిందో చూస్తున్నాను వదినా."

"వాలడమేటి? ఒరిగిపోనాది. కళ్ళు కనబడవేటి నీకు?"

మా వైపు ఆ మాటకి రెండు అర్థాలు. గోడ ఒరిగింది అంటాం, ఇంకా నిలబడే ఉందన్నమాట. మనిషి ఒరిగిపోనాడు అంటాం, వాడింక లేడన్నమాట. వదిన రెండో అర్థంలో అంది. నాకు తెలియక కాదు. నేను మాత్రం మొదటి అర్థంలో రాసుకున్నాను, ఎందుకంటే నాకు తెలిసినది అదే. నా చిన్నప్పుడు మా నాన్న తోటలో ఒక చెట్టు ఇలాగే గాలికి వాలి ఇంచుమించు నేల మీద పడుకుంది. దాన్ని కొట్టలేదు. మొవ్వు దెబ్బతినలేదు కాబట్టి ఏడాదిన్నరకి తల పైకెత్తింది. పడుకున్న చెట్టు అనేవాళ్ళం. మేము దాని మీద వరసగా కూర్చునేవాళ్ళం, ఎక్కకుండానే కాయలు కోసేవాళ్ళం. వదిన తోటలో ముప్పై ఎనిమిదింటికీ మొవ్వు పచ్చగా ఉంది. వాలినవాటిలో అన్నిటికంటే కిందికి వాలినది నూతి పక్కది, నేలకి ముప్పై ఒక్క డిగ్రీలు. మొదట్లో మట్టి ఎగదోసి, బరువైన మట్టలు నరికి, ఊతకర్ర పెడితే అన్నీ బతుకుతాయి. ఆ మాటే వదినతో చెప్పాను.

"బతికితే ఎన్నాళ్ళకి కాత్తాది?"

"రెండేళ్ళు పట్టొచ్చు."

"అందాకా నానేటి తినాల, నీ డిగ్రీలా?"

సంస్థవాళ్ళ కాగితంలో రెండే గళ్ళు ఉన్నాయి. కూలినవి, నిలిచినవి. నేను స్కేలు పెట్టి మూడో గడి గీసి, పైన 'ఒరిగినవి' అని రాశాను. మా ఊళ్ళో నాకు అప్పగించిన ఇళ్ళన్నిటికీ అలాగే రాశాను. గురువారం నాడు ఆ కాగితాలు పట్టుకుని టెక్కలి వెళ్ళాను. అక్కడ కూర్చున్నాయనది గోదావరి వైపు మాట. మర్యాదస్తుడు. కాగితం చూసి కళ్ళజోడు తీసేశాడు.

"మేడమ్, ఈ మూడో గడి ఏంటండీ?"

"వాలినవి. మొవ్వు బాగుంది. బతుకుతాయి."

"అయితే కూలినట్టా, నిలిచినట్టా అండీ?"

"రెండూ కాదు. అందుకే వేరే గడి గీశాను."

"మీరు గీశారండి. మా ఫారం గీయలేదు కదండీ. నేనెక్కడో ఒకచోట వెయ్యాలి. బతికున్నాయంటారా, పోయాయంటారా?"

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బతికే ఉన్నాయి" అన్నాను.

ఆయన తొమ్మిదికి ముప్పై ఎనిమిది కలిపి, నిలిచినవి నలభై ఏడు అని రాసుకున్నాడు. మూడో గడి మీద నిలువునా ఒక గీత గీశాడు. పదో తారీఖున తనిఖీకి వేరే ఆయన వస్తాడనీ, మార్పులేమైనా ఉంటే ఆయనే చూస్తాడనీ చెప్పాడు.

ఆ మరునాడు ఒరిస్సాని అంతకంటే పెద్ద తుఫాను కొట్టింది. తర్వాత హైవే మీద బియ్యం లారీలు, నీళ్ళ లారీలు టెక్కలిలో ఆగకుండా, పలాసలో ఆగకుండా ఉత్తరానికి వెళ్ళిపోయేవి. వెళ్ళాలి కూడా, అక్కడ మనుషులు పోయారు. కానీ రోడ్డు పక్కన గిన్నెలు పట్టుకుని నిలబడ్డ మావాళ్ళకి ఆ లారీల దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు. ఉన్నది ఆ ఒక్క సంస్థే. వాళ్ళ జాబితాలో లేని ఇంటికి ఇంక ఎవరూ రారని ఊరందరికీ అర్థమైంది.

నవంబరు 3న జాబితా వచ్చింది. వదిన పేరు లేదు. నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని పడ్డ కొబ్బరిబొండాల లేత గుజ్జు గీకుతోంది. ఆ వారమంతా చాలా ఇళ్ళలో అదే తిండి.

"ఆ మూడో గడిలోవి తీసి మొదటి గడిలో ఎయ్యి. ఒక్క మాట కదా."

"కూలలేదు కదా వదినా. కూలినట్టు ఎలా రాయను?"

"ఒరిగిపోనాయని నానే సెప్పినాను కదే నీకు. నానన్న మాటే నువ్వు రాసినావు. నానన్నదే రాసి నానన్నట్టు రాయలేదు."

 అయినా రాయనన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో పనిచేశాను, ఏ పిల్లకీ ఒక్క మార్కు ఎక్కువ వెయ్యలేదు. మా ఇంటి పిల్లలకి కూడా. ఉన్నది ఉన్నట్టు రాస్తుందని జనం నన్ను పిలిచారు కాబట్టి, ఇప్పుడు ఒకరికి మారిస్తే అందరికీ మార్చాలి అన్నాను.

"మార్చు మరి. ఎవలొద్దన్నారు?"

"అబద్ధం అవుతుంది."

వదిన గీకుతున్న కత్తి పక్కన పెట్టింది. కోపం లేకుండానే, "సరే, అయితే నిజం సేసీద్దాం" అంది. ఆ మాట నాకు ఆ రోజు అర్థం కాలేదు.

నవంబరు 6, శనివారం. మర్నాడు దీపావళి. పొద్దున్న ఏడింటికి గొడ్డలి చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకో వైపునుంచి. ఎనిమిదయ్యేసరికి ఎన్ని తోటల్లోంచో చెప్పలేనంతగా. నేను పరుగెత్తుకుంటూ వదిన తోటలోకి వెళ్ళాను. పడి ఉన్న మాను మీద కొంగు బిగించి కూర్చుని ఉంది. తీరం పక్క ఊరినుంచి ఒక జాలరి వచ్చి చెట్లు కొడుతున్నాడు. పడవ ముక్కలైంది, వలలు కొట్టుకుపోయాయి, కూలి దొరుకుతుందని వచ్చాడు. గొడ్డలి ఎప్పుడూ పట్టిన మనిషి కాదు. నేను వెళ్ళేసరికి నాలుగు పడిపోయాయి.

ఆయన్ని ఆగమన్నాను. ఆయన వదిన వైపు చూశాడు.

"నువ్వు కొట్టు మావా" అంది వదిన. "పంతులమ్మ నిజం రాత్తాది. కూలినయ్యని రాయాలంటే కూలాల. కూల్చీ."

"వదినా, ఇవి బతుకుతాయి. నా మాట విను. ఒక్క ఏడాది ఆగు."

"ఏడాది బియ్యం ఇత్తావేటి? నీ జీతమే రెండు నెల్లనించి రాలేదు. ఇంకెవలిత్తారు? సెప్పు, ఇంటాను."

 

అక్కడే నిలబడ్డాను. ఎందుకు వెళ్ళిపోలేదో ఇప్పటికీ తెలియదు. బహుశా లెక్క కోసమే. ఒక్కొక్కటీ పడుతుంటే మనసులో అంకె వేసుకున్నాను. కొబ్బరిచెట్టు ఒకేసారి పడదు. ముందు పైన మట్టలన్నీ ఒక్కసారి ఒణుకుతాయి. ఆ తర్వాత లేత పిందెలు రాలతాయి. మాను పడడం ఆఖరున. మధ్యాహ్నానికి పంతొమ్మిది. జాలరి అరచేతులు పొంగాయి. పాత గుడ్డలు చుట్టుకున్నాడు.

"సముద్రంలో ఈదమంటే గోపాల్‌పూర్ దాకా ఈదీగలను గానీ పంతులమ్మగారూ, ఈ కొయ్య నాకు లొంగట్లేదు" అన్నాడు నవ్వుతూ. వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే, "కానీ మావా, పొద్దు గుంకిపోతాది" అంది.

పొద్దు వాలేసరికి ముప్పై ఏడు. నూతి పక్కది ఒక్కటే మిగిలింది, ముప్పై ఒక్క డిగ్రీలది. జాలరి దాని ముందు నిలబడి గొడ్డలి ఎత్తాడు. చేతుల్లోంచి అది జారి వెనక్కి పడింది. గుడ్డలు రక్తంతో తడిసిపోయాయి. మళ్ళీ తీసుకోవడానికి వంగాడు.

ఆ ఒక్కటి మిగిలితే తొమ్మిదికి ఒకటి కలిసి పది అవుతుంది. పది ఉంటే సాయం లేదు. అంటే పొద్దుటినుంచి కొట్టిన ముప్పై ఏడూ వృథా. ఆ లెక్క వదినకీ తెలుసు, నాకూ తెలుసు.

"దాన్ని వదిలెయ్యండి" అన్నాను. "దాన్ని కూలినట్టు రాస్తాను."

 జాలరి వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. వదిన నా వైపు తిరిగింది.

"ముప్పై ఏడుకి రాని నోరు ముప్పై ఎనిమిదోదానికి ఎలాగొచ్చినాదే?"

ఆ రోజు మా ఇంట్లో గానీ వదిన ఇంట్లో గానీ దీపం పెట్టలేదు. మర్నాడు, దీపావళి నాడూ పెట్టలేదు.

నవంబరు 10న తనిఖీ ఆయన వచ్చాడు. చేతిలో టెక్కలి కాగితం ఉంది. మొద్దుల మధ్య నడుచుకుంటూ వేళ్ళతో లెక్కపెట్టుకున్నాడు. డెబ్భై నాలుగు వచ్చింది. నూతి దగ్గర ఆగి, ఒరిగి ఉన్న చెట్టుని చూపించాడు.

"మేడమ్, మరి ఇది?"

"కూలింది" అన్నాను. 

ఆయన తల కూడా ఎత్తకుండా రాసుకున్నాడు. "అవును లెండి. ఇంత వాలితే కూలినట్టే. పక్క ఊళ్ళల్లో వాలినవన్నీ కూలినవాటిలోనే రాసుకొచ్చాం. మీ ఊరి కాగితంలో మాత్రం ఎందుకో నిలిచినవి అని ఉంది. అయినా ఇవన్నీ ఎందుకు నరికించారు? మిమ్మల్ని ఎవరు నరకమన్నారు?"

వదిన అక్కడే ఉంది. అంతా విన్నది.  ఆ రోజునుంచి రెండు సంవత్సరాల మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

ఊళ్ళో నేను రాసిన మూడో గడి వల్ల ఎన్ని చెట్లు కొట్టారో కూడా తర్వాత వారం రోజులు తిరిగి లెక్కపెట్టాను. ఆ అంకె నోటుబుక్కులో ఉంది. ఇక్కడ రాద్దామని రెండుసార్లు కలం పట్టుకున్నాను, చెయ్యి రాలేదు.

వదినకి సాయం వచ్చింది. నిజమే చెప్పాలి, బియ్యం మార్చి దాకా వచ్చింది. మొక్కలు 2000 జనవరిలో ఒక లారీలో ఎక్కడో దూరంనుంచి వచ్చాయి, డెబ్భై ఐదు. జనవరిలో ఇసక నేలలో కొబ్బరిమొక్క పాతేది ఎవరైనా ఉంటారా? వాన పడడానికి అయిదు నెలలుంది. కానీ అప్పుడు పాతకపోతే సంస్థవాళ్ళు ఫొటో తీసుకోలేరు. పాతాం.

ఫిబ్రవరినుంచి నీళ్ళు మోశాం. పిలవకపోయినా బడికి ముందు నేను వెళ్ళేదాన్ని. ఆవిడ పొమ్మనలేదు. మొక్కకి రెండు బిందెలు, రోజుకి నూట యాభై. అందులో సగం నావి. ఇద్దరం ఒకే నూతిలో తోడి, ఒకే బాటలో నడిచేవాళ్ళం, మాట లేకుండా. నాతో మాట్లాడేది కాదు గానీ మొక్కలతో మాట్లాడేది, నాకు వినపడేలా.

"తాగు తల్లీ తాగు. పంతులమ్మ నీల్లు. కొలిసి పోత్తాది, ఒలకనీదు."

ఇంకోరోజు, "నువ్వు కొంచెం వొంగినావేటే? నిటారుగుండు. డిగ్రీలు సూసీవోలున్నారు."

ఏప్రిల్లో నూతిలో నీళ్ళు అడుక్కి పోయాయి. బురద తేరేదాకా కూర్చుని, తోడి, మళ్ళీ కూర్చునేవాళ్ళం. రోజుకి నూట యాభై అయ్యేవి కావు. తొంభై, తర్వాత అరవై. ఏ మొక్కకి పొయ్యాలి, ఏది మానాలి అన్నది ఎంచుకోవలసి వచ్చింది. ఆ ఎంపిక ఆవిడ నాకే వదిలేసింది. మొక్కల ముందు నిలబడి బిందె దించి, నేను వచ్చి చెప్పేదాకా ఆగేది. ఏవి చావాలో నేనే వేలు చూపించాను. మే నెలాఖరుకి నాలుగు మిగిలాయి. జూన్ మొదటివారంలో వాటిని మేకలు తిన్నాయి. వారం తిరక్కుండా వాన పడింది.

ఆ నెలలోనే వదిన పలాస బస్సెక్కింది. ఉదయం ఆరున్నరకి వెళ్ళి రాత్రి ఏడింటికి తిరిగొచ్చేది. కాల్చిన జీడిపిక్కని రాయి మీద పెట్టి కర్రతో కొట్టి పప్పు తీయాలి. చేతులకి బూడిద రాసుకున్నా పిక్కలోని నూనె కాలుస్తుంది. మూడో వారానికి ఆవిడ వేళ్ళ చివర్లు నల్లబడి పొట్టు రాలడం మొదలైంది. బస్సు దిగి మా ఇంటి ముందునుంచే నడవాలి. నేను వసారాలో కూర్చుని ఉంటే చేతులు కొంగులో పెట్టుకునేది కాదు, కనబడేలాగే వదిలి నడిచేది.

నూతి పక్క చెట్టు గురించి ఎవరం పట్టించుకోలేదు. నీళ్ళు మోసినన్నాళ్ళూ మా బిందెల్లోంచి ఒలికిన నీళ్ళు దాని మొదట్లోకే పోయాయి. 2000 చివర్లో చూస్తే మొవ్వు పైకి తిరిగింది. మాను ముప్పై ఒక్క డిగ్రీలే, తల మాత్రం ఆకాశం వైపు. మర్నాడు కోణమానిని పట్టుకెళ్ళాను. కొలవకుండానే తిరిగొచ్చేశాను. 2001 మొదట్లో పూత వచ్చింది. ఆ దారిన పోయే ప్రతివాళ్ళూ ఆగి చూసేవాళ్ళు. ఒకాయన మొదట్లో చెయ్యి వేసి, "మన సెట్లు కూడా ఇలాగే ఉండీవి కదా" అన్నాడు. నన్ను చూసి అనలేదు. చూసి అన్నా బాగుండేది.

2002 ఫిబ్రవరి 9, శనివారం. తలుపు తీసేసరికి మా అరుగు మీద తొమ్మిది కొబ్బరికాయలు ఉన్నాయి. వదిన మెట్ల దగ్గర నిలబడి ఉంది, బస్సుకి తయారై.

"నీ సెట్టు కాయలు" అంది. "నువ్వు రాసిందాన్ని బట్టి అది సచ్చిపోనాది. సచ్చిపోయిందాని కాయలు నానెలా తింతాను? నువ్వే తిను."

అది చెప్పి బస్సుకి వెళ్ళిపోయింది. నేను వాటిని తినలేదు. పగలగొట్టనూ లేదు. పది నిమిషాలు అక్కడే కూర్చున్నాను. రెండేళ్ళ మూడు నెలల తర్వాత వచ్చిన మాట అది.

తర్వాత రెండు నెలలకోసారి కాయలు వచ్చేవి. పన్నెండు, ఏడు, పదిహేను. ఆ ఏడు నేను రిటైరయ్యాను. బడి పెరట్లో ఒక మూల ఇసక పోయించుకుని, కాయలు అడ్డంగా పడుకోబెట్టి సగందాకా కప్పాను. మా నేలలో పుట్టి, మా గాలికి తట్టుకున్న చెట్టు విత్తనం. దూరంనుంచి లారీలో వచ్చింది కాదు. ఒక ఏడాది పాటు వచ్చిన కాయలన్నీ పెట్టాను, అరవై మూడు. మొలిచినవి నలభై ఒకటి. 2003లో తొలకరి వానకి ముందు కాదు, రెండో వాన పడి నేల దిగువదాకా తడిసిన తర్వాత, వాటిని రిక్షాబండి మీద వేసుకుని వదిన తోటకి తీసుకెళ్ళాను. ఆదివారం కాబట్టి ఇంట్లో ఉంది.

మొక్కలకేసి చూసింది. "ఎన్ని?"

"నలభై ఒకటి."

"దేని పిల్లలు?"

"నూతి పక్కదాని."

 "పాతు" అంది. "నీల్లు నువ్వే మొయ్యాల. నా సేతులకి సేంతాడు పట్టుబడదిక."

మోశాను. అప్పటికి నాకు యాభై తొమ్మిది. వదిన బట్టీకి పోవడం మానలేదు. మొక్క చెట్టై కాయడానికి ఆరేళ్ళో ఏడేళ్ళో పడుతుంది, అందాకా కడుపు ఆగదు కదా. రెండో ఏడు నాలుగు మొక్కలకి మొవ్వు కుళ్ళింది. ఎర్రముక్కు పురుగు ఆరింటిని తీసుకుంది. మరో అయిదు ఎందుకు పోయాయో తెలియదు, తెలియదనే రాసుకున్నాను. ఇరవై ఆరు మిగిలాయి.

2007లో వదిన కాళ్ళు వాచడం మొదలైంది. టెక్కలిలో రక్తపరీక్ష చేయించాను. డాక్టరు కాగితం నాకు ఇచ్చాడు. ఆవిడ అడగలేదు, నేను చదివి వినిపించలేదు. అన్నయ్య కాగితం మీద కూడా అవే అంకెలు పెరుగుతూ పోవడం ఇద్దరం చూశాం కాబట్టి వినిపించక్కర్లేదు. అప్పుడు పలాస వెళ్ళడం ఆగింది. ఇష్టపడి ఆగింది కాదు.

2009 ఆగస్టు 16, ఆదివారం నాడు కొత్తవాటిలో మొదటి చెట్టుకి గెల వేసింది. నేను వెళ్ళి చెప్పాను. తీసుకెళ్ళమంది. రెండు చేతులా పట్టుకుని నడిపించాను. మంచంనుంచి నూతిదాకా నూట పది అడుగులు, నాలుగుసార్లు ఆగాం. వాలిన చెట్టు మాను మీద కూర్చోబెట్టాను. ఒక మనిషి కూర్చోవడానికి అది సరిగ్గా సరిపోతుంది.

గెల కేసి చూడలేదు. చెట్ల మధ్య పాత మొద్దుల వైపు చూస్తోంది. చాలావరకు పుచ్చి నేలలో కలిసిపోయాయి. ఎక్కడెక్కడ ఉండేవో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

"కొత్తయ్యి ఎన్నున్నాయే ఇప్పుడు?"

"ఇరవై ఆరు."

"కొట్టింది?"

"ముప్పై ఏడు."

నల్లటి వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. లెక్కలో ఎప్పుడూ నిదానమే. చివరికి తలెత్తింది.

"ఇంకా పదకొండు తక్కువే పంతులమ్మా."

"అవును వదినా."

"మరి కూకున్నావేటి?"

ఆ రోజు మధ్యాహ్నమే నూతి పక్క చెట్టునుంచి కాయలు దింపించాను. ఇసకలో పద్దెనిమిది పడుకోబెట్టాను. మూడింట ఒకటి మొలవదని నా లెక్క, ఒకటి పోయినా పదకొండు ఉంటాయి. మొలిచి, పాతి, కాసేదాకా ఎనిమిదేళ్ళు. నాకు అరవై అయిదు. వదిన వయసుకి ఎనిమిది కలపలేదు. డాక్టరు కాగితం నా పెట్టెలోనే ఉంది.

రోజూ సాయంత్రం ఆవిడ మంచం దగ్గరికి వెళ్తే మొదటి మాట ఒకటే.

"మొలిసినాయేటే?"

"ఇంకా లేదు వదినా."

"కొలిసి పొయ్యకు. బాగా పొయ్యి."